కొంగ మోటారులో కడపకు

కర్నూలు నుంచి కడపకు పోయిరావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వవచ్చు. కాశీకో రామేశ్వరానికో పోయొచ్చినవాళ్ళు రాయవలసిన సంగతులు ఈ పంతులమ్మ రాస్తోందేమిటని కూడా అనవచ్చు. అనండి. అయితే ముప్పై నాలుగేళ్ళ పాత మోటారులో, మొదటి గేరు లేకుండా, నడి ఎండాకాలంలో ఆ దారిన పోయినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఒకవేళ ఉన్నా, ఇంటికొచ్చి నడుముకు నూనె రాయించుకున్నారు గానీ కాగితం మీద రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

కర్నూలు

మా నాయన వకీలు. మొదటి యుద్ధానికి ముందు, నాకు ఎనిమిదేళ్ళ వయసులో, మద్రాసు నుంచి ఈ మోటారు తెప్పించాడు. ఇంగ్లండులో థాక్స్‌బీ అనే కంపెనీవాళ్ళు చేసింది. ముందు ముక్కు మీద ఒంటికాలి ఇత్తడి కొంగ ఉంటుంది కాబట్టి ఊళ్ళో దాన్ని కొంగ మోటారన్నారు. తోలడానికి మస్తాన్ అనే జట్కా కుర్రవాణ్ణి మద్రాసుకు పంపి, మూడు నెలలు పని నేర్పించాడు మా నాయన. నాయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ కుర్రవాడికి ఇప్పుడు అరవై దాటాయి. నలభై రెండేళ్ళ నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు, నేను మస్తాన్ మామా అంటాను.

బండితో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేను ఇంగ్లీషు నేర్చిన దగ్గర్నుంచి ఏటా వేసవి సెలవుల్లో ఆయనకు చదివి తెలుగులో చెప్పడం మా ఇంటి ఆనవాయితీ. గేర్ల సంగతీ నూనె సంగతీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయనకు కావలసింది మొదటి నాలుగు పేజీలు, అంటే కంపెనీ పుట్టుక. థాక్స్‌బీ అనే ముసలాయన మగ్గాలకు చక్రాలు చేసేవాడట. కొడుకులు కుట్టుమిషన్లు, తర్వాత సైకిళ్ళు చేశారట. పెద్దవాడు మొట్టమొదటి మోటారు చేసినప్పుడు, బండికి ముందు ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి నడవాలని ఆ దేశంలో చట్టముండేదట. ఆ జెండా పట్టుకొని నడిచింది తమ్ముడేనట. ఈ చోటికి రాగానే మామ ప్రతిసారీ ఒకే మాట అంటాడు.

"అన్న కుర్చీలో, తమ్ముడు నేల మీద. యాడైనా అంతే పాపా."

పోయిన దసరాకు మొదటి గేరు చక్రం మూడు పళ్ళు విరిగాయి. ఊళ్ళో కమ్మరి ఒకటి చేసిచ్చాడు, వీధి మలుపు దాకా పనిచేసింది. ఇక ఇంగ్లండుకే జాబు రాశాను. అయిదు నెలలకు జవాబొచ్చింది. చేత్తో రాసిన ఉత్తరం, వణికే అక్షరాలు. రాసినాయన ఆ కంపెనీలో మిగిలిన ఒకే ఒక్క గుమాస్తా.

కంపెనీ మూతపడిందని రాశాడు. మొదటి యుద్ధంలో కార్లు ఆపి గాయపడ్డవాళ్ళను మోసే బండ్లు చేశామనీ, ఆ తర్వాత పెద్ద ఫ్యాక్టరీలు చవక కార్లు దించేసరికి, ఒక్కో పన్నూ ఆకురాయితో చేత్తో రుద్దే తమలాంటివాళ్ళు నిలవలేకపోయామనీ, చివరికి గడ్డికోత మిషన్లు చేశామనీ, ఈ యుద్ధంలో పైకప్పు కూలిందనీ, అచ్చులన్నీ కరిగించడానికి ఇచ్చేశామనీ రాశాడు. తన దగ్గర మిగిలింది బండ్ల రిజిస్టరొకటేనట. అందులో చూస్తే మాది నలభై ఒకటో నంబరు. దాని తోడుది నలభై రెండు, అదే ఓడలో మద్రాసులో దిగి కడపలో ఒక మిషన్ ఆసుపత్రికి పోయిందట. 'మీ రెండింటిలో ఏది ఆగిపోయినా దయచేసి నాకొక ముక్క రాయండి. రిజిస్టరులో గీత కొట్టుకోవాలి' అని ముగించాడు.

మద్రాసు రాజధాని మొత్తానికీ కొంగ మోటారు మాదొక్కటే అని ముప్పై నాలుగేళ్ళు చెప్పుకున్న మనిషి మస్తాన్ మామ. రెండు రోజులు మూతి ముడుచుకొని కూర్చున్నాడు. మూడో రోజు వచ్చి, "మిషనోళ్ళు దాన్ని ఎప్పుడో మూలకు పడేసింటారు పాపా. పోయి గేరు చక్రం అడుక్కోని వస్తాం," అన్నాడు.

"ముందు జాబు రాద్దాం మామా."

"రాస్తే దాచేస్తారు."

మా ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. రైలుండగా మోటారెందుకు అనే మనిషి కాబట్టి ఆయనకు బయలుదేరిన తర్వాతే కార్డు వేశాను.

పాణ్యం కొండ

ఓర్వకల్లు రాళ్ళ దగ్గర తెల్లవారింది. అక్కడ రోడ్డు పక్క ఒకామె అణాకు పళ్ళెం నిండా బొరుగుల ఉగ్గాని, మీద రెండు మిరపకాయ బజ్జీలు పెట్టింది. కర్నూల్లో అదే అణాకు ఒక బజ్జీ కోత పడుతుంది. మామ మూడు పళ్ళేలు తిన్నాడు, నేను రెండని రాసుకుంటాను.

చదునులో మోటారు చక్కగానే పోయింది. చిక్కంతా ఎక్కుడులో. పాణ్యం చేరకముందు కొండ దారి ఉంది. మొదటి గేరు లేదు, రెండో గేరు సగం దాకా మూలిగి ఆగిపోయింది. నేను దిగి తోద్దామన్నాను. మామ నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు బండి బరువును కాదు, నా బరువునే అంచనా వేస్తోందని తెలుస్తూనే ఉంది.

"వెనక గేరుకు చక్రం వేరే ఉండాది పాపా. దానికి బలం జాస్తి," అని బండిని తిప్పి, వీపు కొండవైపు పెట్టి, వెనక్కి వెనక్కి ఎక్కించడం మొదలుపెట్టాడు. మెడ తిప్పి తోలుతూ ఆయన, కర్నూలు వైపు చూస్తూ నేను. కొంగ కూడా వచ్చిన దారినే చూస్తూ ఎక్కింది. గొర్రెలు తోలుకొస్తున్న ఒక అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, "ఏమప్పా, మొక్కుబడా?" అని అడిగింది.

"అవునవ్వా," అన్నాడు మామ.

"ఏ దేవునికి?"

"కడప దేవునికి."

అవ్వ మోటారుకు దండం పెట్టింది. కొండ దిగేదాకా నాకు నవ్వు ఆగలేదు. చిన్నప్పుడు ఇదే సీటులో, నాయన పక్కన, ఇట్లాగే నవ్వేదాన్ని.

నంద్యాల

నంద్యాలలో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో దిగాము. జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, ఎర్రకారం. మా ఇంట్లో రొట్టెలు అరచేతంత మందం, వాళ్ళింట్లో తమలపాకంత పలచన. పళ్ళేలు పెట్టగానే మామ కూర్చోకుండా నిలబడి, "బండిని మీ కొట్టంలో పెట్టుకోవచ్చునా?" అని అడిగాడు.

"తిన్నాక చూద్దాం లేప్పా," అన్నారు వాళ్ళు.

"లేదు. అడిగేది ఉంటే ముద్ద ముట్టకముందే అడగాల. తిన్నాక అడిగితే ఉప్పును అడ్డం పెట్టుకోని అడిగినట్ల. మా అబ్బ అట్ల అడగనిచ్చేవాడు కాదు," అన్నాడు మామ.

వాళ్ళు సరేనన్న తర్వాతే కూర్చున్నాడు.

ఇసుక వంక

చాగలమర్రి దాటాక ఒక వంక అడ్డం వచ్చింది. నీళ్ళు చుక్క లేవు, ఇసుక మాత్రం మోకాలి లోతు. అటువంటి చోట రెండు జతల ఎద్దులు సిద్ధంగా ఉంటాయి. మోటారుకు మోకులు కట్టి, అవతలి గట్టుకు లాగి, అర్ధరూపాయి తీసుకుంటారు. ఎద్దులవాళ్ళు నలుగురూ మమ్మల్ని చూసి పెళ్ళివారిని చూసినంత సంతోషంగా లేచి నిలబడ్డారు.

"ఎద్దులొద్దు," అన్నాడు మామ. "ఈ బండి పుట్టినకాణ్నుంచి ఎద్దుల ఎనక పోలేదు. నేనుండంగా పోదు."

నేను బతిమాలాను, తిట్టాను. మధ్యాహ్నం ఎండకు తల మాడుతోంది. ఆయన వినలేదు. ఆఖరుకు ఆ దారిన వచ్చిన ఒక ఎద్దులబండిలోని జొన్న చొప్ప మొత్తం ముప్పావలాకు కొని, చక్రాల కింద పరచుకుంటూ, దాటిన చొప్పను వెనకనుంచి తెచ్చి మళ్ళీ ముందు వేసుకుంటూ దాటాము. ఎద్దులకు అర్ధరూపాయైతే చొప్పకు ముప్పావలా. చొప్ప మోసింది ఎవరనుకుంటున్నారు? ఆ ఎద్దులవాళ్ళే, ఉత్తపుణ్యానికి, నవ్వుకుంటూ మోశారు.

అవతలి గట్టు మీద ఇంజన్ బుసలు కొడుతోంది. నేను మా వెంట తెచ్చుకున్న కుండలోనుంచి నీళ్ళు ముంచుకొచ్చాను. మామ నా చెయ్యి పట్టుకొని ఆపాడు. "కాలే ఇనుము మీద సల్లనీళ్ళు పోస్తే పగిలిపోతాది. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలిగితేనే నీళ్ళు." చెయ్యి పెట్టి చూపించాడు, నాలుగు కాగానే తీసేశాడు. ఆయన రెండు బీడీలు కాల్చినంతసేపు నిలబడ్డాము.

మైదుకూరు

మైదుకూరులో సత్రం అరుగు మీద పడుకున్నాము. అక్కడ మాట తీరు మాకంటే మెత్తన, కారం మాత్రం మాకంటే ఘాటు. డబ్బును మా పడమటి వైపువాళ్ళు దుడ్లు అంటే, అక్కడివాళ్ళు లెక్క అంటారు. అంగడి షావుకారు "లెక్క ఇయ్యమ్మా" అంటే, ఏ లెక్క అడుగుతున్నాడో తెలియక పంతులమ్మనైన నేనే బిత్తరపోయాను.

కడప

ఆసుపత్రి ఊరి చివర. మేమింకా మలుపు తిరగనే లేదు, ఒక ముసలాయన పైపంచె జారిపోతున్నా పట్టించుకోకుండా గేటు తెరుచుకొని రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. మమ్మల్ని చూడలేదు. కొంగను చూశాడు. బండి ఆగకముందే దాని ముక్కు మీద చెయ్యి పెట్టి, "సద్దు వినంగానే కనుక్కుంటి," అన్నాడు. "నా బండి సద్దే. ఏడాదాయె విని."

ఆయన పేరు దేవదానం. నలభై రెండో నంబరును తొలి రోజునుంచి తోలుతున్నది ఆయనే. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ కుడి బొటనవేలు వంకరే. స్టార్టు చేసే హ్యాండిల్ వెనక్కి తన్నితే అట్లా విరుగుతుందట.

ఆసుపత్రి వెనక వాళ్ళ ఇల్లు. భార్య సువార్తమ్మ, ఏమీ అడగకుండానే విస్తళ్ళు వేసి సంగటి ముద్దలు పెట్టింది. గోంగూర పప్పు, నెయ్యి. ఆవిర్లు పోతున్నాయి. నేను చెయ్యి కడుక్కొని కూర్చున్నాను. మామ కూర్చోలేదు.

"దేవదానప్పా, ముద్ద ముట్టకముందే ఒకటి అడగాల."

"నేనూ అదే అనబోతాండా సాయిబూ. మా ఇంటికొచ్చినోళ్ళను అడగడం తప్పే. కానీ మీరు తిన్నాక అడిగితే ఇంకా తప్పు."

"సరే, నువ్వడుగు."

"కాదు, నువ్వు పెద్దోనివి."

చివరికి ఇద్దరూ ఒకేసారి అన్నారు. "నీ గేరు చక్రం ఇయ్యి" అని మామ. "మీ ఇంజన్ ఇయ్యండి" అని దేవదానం.

సువార్తమ్మ నెయ్యి గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

దేవదానమే మొదట నోరు విప్పాడు. పోయిన ఎండాకాలం కానుపు కష్టమైన ఒకామెను పల్లెనుంచి తెస్తుండగా దారిలో నీళ్ళు అయిపోయాయట. "ఆ యమ్మ ఎనక అరుస్తాండాది. ఆగి సల్లార్చుకునే ఓపిక నాకు లేకపాయె. కడవెడు బావినీళ్ళు ఒకేసారి పోసినా. ఇంజన్ టప్పుమని రెండుగా చీలింది. నాకు తెలీక కాదు సాయిబూ. తెలిసీ పోసినా." ఆమెను అక్కడినుంచి మంచం మీద మోసుకొచ్చారట. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు పల్లెలనుంచి అందరూ ఎద్దుల బండ్లలోనే వస్తున్నారు, కొందరు రాలేకపోతున్నారు.

సంగతి తేలిపోయింది. రెండు బండ్లలో ఒకటే బతుకుతుంది. చక్రం మేము తీసుకుంటే వాళ్ళది ఇక లేవదు. ఇంజన్ ఇస్తే మాది అక్కడే ఆగిపోతుంది. మామ నావైపు చూశాడు. "బండి నీది పాపా," అన్నాడు.

నిజం రాస్తున్నాను, మీరు ఏమైనా అనుకోండి. నా నోట వచ్చిన మొదటి మాట "కుదరదు" అనే. ఆ సీటులో మా నాయన పొగాకు వాసన ఇంకా ఉందని నా నమ్మకం. నా పెళ్ళి ఊరేగింపు అందులోనే జరిగింది. కడప ఆసుపత్రికి ఇంకొక బండి ఎవరైనా ఇస్తారు, నాకు నాయనను ఎవరిస్తారు అని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. విస్తరి ముందునుంచి లేచి బయటికి పోయాను.

నలభై రెండో నంబరు షెడ్డులో ఉంది. చచ్చిన బండి అని ఎవరూ అనరు. ఇత్తడి మెరుస్తోంది, పగిలిన ఇంజన్‌ను కూడా రోజూ తుడుస్తున్నట్టున్నారు. వెనక సీటు తీసేసి నులకమంచం బిగించారు. ఎడమ తలుపు లోపలి చెక్క మీద నా చెయ్యి తనంతటదే పోయింది. మా బండిలో సరిగ్గా ఆ చోటనే, తొమ్మిదేళ్ళప్పుడు, మేకుతో నా పేరు చెక్కి నాయన చేత చెంపదెబ్బ తిన్నాను. ఇక్కడ పేరు లేదు. చిన్న చిన్న నిలువు గీతలు, చెక్క నిండా, అంచు దాకా ఉన్నాయి.

సువార్తమ్మ నా వెనకే వచ్చింది. "ఆసుపత్రి దాకా ఆగలేక, బండిలోనే పుట్టిన పిల్లోళ్ళమ్మా," అంది. "ఒకో బిడ్డకు ఒకో గీత. నర్సమ్మ గీసేది." చెక్క కింది మూల ఒక గీత సగంలోనే ఆగిపోయి ఉంది. దాని గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మా బండి ఇప్పుడేం మోస్తోంది? ఏడాదికొక పెళ్ళికొడుకును, వాన పడితే బడికి నన్ను. మా ఊళ్ళో వాన సంగతి మీకు తెలిసిందే.

లోపలికి వచ్చేసరికి మామ ఇంకా నిలబడే ఉన్నాడు.

"మామా, కాగితాల్లో బండి నాది. ముప్పై నాలుగేళ్ళు నీ చేతుల్లో ఉంది. నువ్వు వద్దంటే ఇప్పుడే పోదాం. నన్నడిగితే ఇద్దామంటాను."

ఆయన చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు. "ఇస్తాం," అన్నాడు. "కానీ నేనే దించాల. వేరేవాడు పానా పట్టుకుంటే ఊరుకోను." అని కూర్చొని, చల్లారిన సంగటిలో చెయ్యి పెట్టాడు. కన్నీళ్ళు పప్పులో పడుతున్నాయి, తుడుచుకోలేదు. దేవదానం కూడా తినడం మొదలుపెట్టాడు.

ఇంజన్ దించి, మార్చి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పొద్దున మామ హ్యాండిల్ పట్టుకొని, ఊపిరి బిగబట్టి, అర చుట్టు వెనక్కి, ఒక చుట్టు ముందుకు తిప్పాడు. మూడోసారికి అందుకుంది. వెంటనే పక్కకు జరిగి, "ఇంక నువ్వు కూచో, దేవదానప్పా," అన్నాడు. బండి గేటు దాటి పల్లెల దారి పట్టింది, మొదటి గేరులో, ముందుకు చూస్తూ. సద్దు వినపడినంతసేపూ మామ చెవి అటే పెట్టాడు.

ఖాళీ అయిన మా బండిని షెడ్డులో వదిలేశాము, దాని చక్రాలు ఎప్పటికైనా రెండోదానికి పనికొస్తాయని. ఇత్తడి కొంగను గుర్తుగా విప్పుకుంటానన్నాను. "వద్దు పాపా, కండ్లు పెరికినట్లుంటాది," అన్నాడు మామ. తను మాత్రం మా హ్యాండిల్ గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు.

తిరుగుబాట

వచ్చేటప్పుడు వెనక బొగ్గు పొయ్యి కట్టుకొని ఆ గ్యాసుతో నడిచే బస్సు ఎక్కాము. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా మామ పన్ను నొప్పి వచ్చినవాడిలా కళ్ళు మూసుకున్నాడు. ఆ ఇసుక వంకలో బస్సు కూరుకుపోయింది. అవే ఎద్దులు, అదే నలుగురు. మోకులు కడుతుండగా మామ దిగిపోయాడు. ఎద్దులు లాగే బండిలో ఆయన కూర్చోడట. ఒళ్ళోని హ్యాండిల్ భుజాన పెట్టుకొని, ఆ ఎండలో, ఇసుకలో నడుచుకుంటూ దాటాడు. ఎద్దులవాళ్ళు ఈసారి నవ్వలేదు. "మోటారు యాడప్పా?" అని మాత్రం అడిగారు.

"కడపలో పనికి కుదిరింది," అన్నాడు మామ.

మళ్ళీ కర్నూలు

ఇల్లు చేరిన మరునాడు ఇంగ్లండు గుమాస్తాకు జాబు రాయడానికి కూర్చున్నాను. ఏది ఆగిపోయినా రాయమన్నాడు కదా. కలం పట్టుకున్నాక సందేహం వచ్చింది. నలభై ఒకటి ఇంజన్, నలభై రెండు ఒళ్ళు. ఆయన రిజిస్టరులో ఏ నంబరు మీద గీత కొట్టాలి?

మామ గడప దగ్గర కూర్చొని హ్యాండిల్‌కు నూనె పూస్తున్నాడు. అడిగాను. నూనె గుడ్డ పక్కన పెట్టాడు.

"గీత కొట్టొద్దని రాయి పాపా. ఆడ తలుపు మీద నర్సమ్మ గీస్తాది, ఆ గీతలు చాలు."

అట్లాగే రాశాను. ఆ గీతలంటే ఏమిటో కూడా వివరంగా రాశాను. ఉత్తరం పోస్టులో వేసి వచ్చేసరికి మామ ఖాళీ షెడ్డు ఊడుస్తున్నాడు.